లెక్కలోకి రాని మ్యాచ్

ఆగస్టు, శుక్రవారం రాత్రి

మా పక్కింటాయనకి మా ఊరి అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్ డాలస్ కౌబాయ్స్ సీజన్ టికెట్లున్నాయి. సెప్టెంబరు మొదలైతే ఒక్క టికెట్ కూడా వదలడు. ఆగస్టులో మాత్రం తనే తలుపు కొట్టి, "శుక్రవారం ఖాళీయేనా?" అని అడిగి మూడు టికెట్లు ఊరికే నా ఫోన్‌కి పంపించేశాడు. ప్రీసీజన్ మ్యాచ్‌ల, అంటే అసలు సీజన్‌కి ముందు ఆడే, పాయింట్ల లెక్కలోకి రాని మ్యాచ్‌ల విలువెంతో ఇంతకన్నా ఎవరూ చెప్పక్కర్లేదు.

మావారు ఊళ్ళో లేరు. నేనూ, మావాడూ, మామయ్యగారూ బయల్దేరాం. మామయ్యగారు జూన్‌లో తెనాలి నుంచి వచ్చారు, క్రికెట్ తప్ప వేరే ఆట ఎరగరు. మేముండే ఫ్రిస్కో నుంచి స్టేడియం ఉన్న ఆర్లింగ్టన్‌కి శుక్రవారం సాయంత్రం ట్రాఫిక్ అంటే చెప్పేదేముంది, మావాడికి రూల్స్ మొత్తం వివరించడానికి కావలసినంత టైము దొరికింది. అంతా ఓపిగ్గా విని ఆయన అడిగింది ఒకటే: "గెలిచినా ఓడినా లెక్కలోకి రాదంటున్నావు కదరా, మరి టికెట్ ఎందుకు పెట్టారు?"

మావాడు నా వైపు చూశాడు. నేను రోడ్డు వైపు చూశాను.

చాలా టీమ్‌లు సీజన్ టికెట్లతో పాటు ఈ మ్యాచ్‌లని కూడా కలిపే అంటగడతాయి. ఇష్టమున్నా లేకపోయినా కొనాల్సిందే. ఒకప్పుడు ఇవి ఏకంగా 6 ఉండేవి, అసలు సీజనేమో 14. 1978లో ఇవి 4, అసలువి 16 చేశారు. 2021 నుంచి 3, 17. ఇప్పుడు ఈ లీగ్ (ఎన్.ఎఫ్.ఎల్.) కమిషనర్ రోజర్ గుడెల్ 2, 18 అయితే బాగుంటుందంటున్నాడు. అభిమానుల మీద జాలితో తగ్గిస్తున్నారనుకుంటే మన అమాయకత్వమే. లెక్కలోకి వచ్చే మ్యాచ్‌కి టీవీ వాళ్ళిచ్చే డబ్బు వేరు.

పోనీ, ఆగస్టులో ఆడితే సెప్టెంబరుకి పదును వస్తుందా అంటే, 2008లో డెట్రాయిట్ లయన్స్ ప్రీసీజన్‌లో నాలుగుకి నాలుగూ గెలిచి, అసలు సీజన్‌లో 16కి 16 ఓడిపోయింది. 2017లో క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ కూడా అచ్చు ఇంతే. 2020లో కోవిడ్ వల్ల ప్రీసీజన్ పూర్తిగా రద్దు చేశారు. ఆ ఏడే టామ్ బ్రేడీ అనే పేరుమోసిన క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపించేవాడు) 20 సీజన్లు ఆడిన న్యూ ఇంగ్లాండ్‌ని వదిలి టాంపాకి వచ్చాడు. కొత్త ఊరు, కొత్త కోచ్, ఒక్క ప్రాక్టీస్ మ్యాచ్ కూడా లేదు. అయినా లీగ్ ఫైనల్ సూపర్ బౌల్ గెలిచాడు. ఇంక స్టార్లకి ఇవి కావాలని ఎవరైనా అంటే నేను నమ్మను.

స్టేడియంలో కూడా అదే కనిపించింది. 80 వేలమంది పట్టే చోట మా వరస మొత్తానికి మేం ముగ్గురం, ఇంకో జంట. పేరున్న ఆటగాళ్ళందరూ ప్యాడ్స్ లేకుండా, టోపీలు పెట్టుకుని సైడ్‌లైన్‌లో కబుర్లు చెప్పుకుంటున్నారు. మామయ్యగారు మైదానం మీద వేలాడే ఆ బ్రహ్మాండమైన స్క్రీన్ చూస్తూ చాలాసేపు గడిపేశారు. ఏసీ చల్లదనానికి శాలువా కప్పుకున్నారు కూడా. బయట చూస్తే ఎండ మాడ్చేస్తోంది.

దెబ్బల సంగతి కూడా ఉంది. మా ఊరి టీమ్‌లోనే పెద్ద ఉదాహరణ అప్పటి క్వార్టర్‌బ్యాక్ టోనీ రోమో. 2016 ఆగస్టులో సియాటిల్‌లో ప్రీసీజన్ మ్యాచ్, మూడో ప్లేలోనే వెన్నుపూస విరిగింది. డాక్ ప్రెస్కాట్ అనే కొత్త కుర్రాడు ఆ చోటులోకి వచ్చి 13 మ్యాచ్‌లు గెలిపించాడు. రోమోకి ఆ చోటు మళ్ళీ దక్కలేదు. ఇదే రోమోని 2003 డ్రాఫ్ట్‌లో, అంటే కాలేజీ ఆటగాళ్ళని టీమ్‌లు వంతులవారీగా ఎంచుకునే చోట, ఏ టీమూ తీసుకోలేదు. ఎవరికీ పట్టని ఇలాంటి ఆగస్టు మ్యాచ్‌లలో ఆడి ఆడి పైకొచ్చినవాడే. అందుకే వీటిని ఎత్తేయమని నేను చప్పున అనలేను.

నాలుగో క్వార్టర్‌కి జనం సగం పైగా వెళ్ళిపోయారు. నాకు అసలు ఆట అప్పుడే మొదలైనట్టనిపించింది. 90 మందిని పెట్టుకోవడంతో నంబర్లు చాలక, ఒకే నంబర్ ఆఫెన్స్‌లో (బంతి ముందుకి తీసుకెళ్ళేవాళ్ళు) ఒకరికి, డిఫెన్స్‌లో (అడ్డుకునేవాళ్ళు) ఒకరికి ఇచ్చారు. పంట్ కొట్టగానే, అంటే బంతిని దూరంగా ఎదుటి టీమ్‌కి తన్నేయగానే, మన వైపు కుర్రాడొకడు, అలాంటి జంట నంబర్ వాడే, ఇద్దరు అడ్డొస్తే వాళ్ళ మధ్యలోంచి దూరి, బంతి పట్టుకున్నవాణ్ణి అడుగు వెయ్యనివ్వకుండా పడగొట్టాడు. లేస్తూనే చూసింది జనం వైపు కాదు, కోచ్ వైపు. కోచ్ చేతిలో కాగితం మీద ఏదో రాసుకుంటున్నాడు. వీడు ఆయన తలెత్తేదాకా అక్కడే నిలబడ్డాడు.

"ఎవడ్రా వాడు?" అన్నారు మామయ్యగారు, శాలువా సర్దుకుని ముందుకి వంగి.

"ఆ నంబర్ ఇద్దరికుంది తాతయ్యా, చూడనీ," అని మావాడు ఫోన్‌లో వెతుకుతున్నాడు.

ఈ పిల్లలకి ఆగస్టులో జీతం కూడా ఉండదు, వారానికి ఇంతని భత్యం ఇస్తారంతే. జీతం సెప్టెంబరు మ్యాచ్‌లు మొదలయ్యాకే, అదీ టీమ్‌లో మిగిలితే. 90లో 53 మందే మిగులుతారు. ఇంకో 16 మందికి ప్రాక్టీస్ స్క్వాడ్‌లో, అంటే టీమ్‌తో సాధన మాత్రం చేసే రిజర్వు జట్టులో, చోటుంటుంది. మిగతావాళ్ళు సామాను సర్దుకోవాలి. ఇదంతా చెప్తే మామయ్యగారు, "అంటే వీళ్ళకిదే ఇంటర్వ్యూ అన్నమాట," అన్నారు. ఆ ఇంటర్వ్యూ వీడియో మిగతా 31 టీమ్‌లూ చూస్తాయి. ఇక్కడ వద్దన్నవాణ్ణి మర్నాడే ఇంకో ఊరు పిలవచ్చు. ఈ మ్యాచ్‌ల బదులు రెండు టీమ్‌లు కలిసి చేసే ప్రాక్టీసులు చాలంటారు కొందరు. క్వార్టర్‌బ్యాక్‌ని ముట్టుకోకూడదనే ఆ ప్రాక్టీసులు స్టార్లకి చాలు. పంట్ వెనక ప్రాణం పెట్టి పరిగెత్తి ఎదుటివాణ్ణి పడగొట్టడం అక్కడెలా చూపిస్తాడు?

నన్నడిగితే రెండు మ్యాచ్‌లు చాలు. స్టార్లు ఇంట్లో కూర్చోవచ్చు. టికెట్ మాత్రం పది డాలర్లు పెట్టి, స్కూలు పిల్లల్ని ఊరికే రానివ్వాలి.

స్కోరెంతో నాకు గుర్తు లేదు. కార్లో మామయ్యగారు నిద్రపోయారనుకున్నాను. ఫ్రిస్కో వచ్చేముందు ఉన్నట్టుండి, "ఆ కుర్రాడి సంగతి ఎప్పుడు తేలుతుంది?" అన్నారు. మంగళవారం, మనకి మధ్యాహ్నం మూడింటిలోపు లిస్టు ఇచ్చెయ్యాలి అన్నాడు మావాడు. అప్పుడు వాడికి స్కూలు, నాకు మీటింగు. లిస్టు ఎక్కడ చూడాలో తన ఫోన్‌లో పెట్టిమ్మన్నారాయన.