ఎనిమిది సెకన్ల వయొలిన్

పైడితల్లి జాతర రోజుల్లో విజయనగరంలో ఏ ఆర్కెస్ట్రా స్టేజీ దగ్గర నిలబడినా కీబోర్డులోంచి 'స్ట్రింగ్స్' వినిపిస్తుంది. వంద వయొలిన్లు ఒక్కసారి పలికినట్టు ఉంటుంది. ఎంతసేపు మీట నొక్కి ఉంచితే అంతసేపు మోగుతుంది, ఎక్కడా గరుకు తగలదు. అన్నీ సరిగ్గానే ఉంటాయి గానీ రెండు నిమిషాలు గడిచేసరికి చెవి దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. 1960ల చివర్లో ఇంగ్లండు రాక్ బృందాలు వాడిన, టేపులతో పలికే కీబోర్డు మెలోట్రాన్ దీనికి పూర్తిగా ఎదురు. దాని వయొలిన్ కాస్త వణుకుతుంది, కాస్త మసకగా ఉంటుంది, ఎనిమిది సెకన్లకి ఆగిపోతుంది. యాభై ఏళ్లు దాటినా సంగీతకారులు ఆ ధ్వని కోసమే వెతుకుతున్నారంటే కారణం ఆ పెట్టె లోపలి పనితీరులోనే ఉంది.

మెలోట్రాన్‌లో స్వరాన్ని పుట్టించే సర్క్యూటు ఏదీ లేదు. ఉన్నదల్లా టేపులు. ఎక్కువమంది వాడిన ఎం400 మోడల్ 1970లో వచ్చింది. దానికి 35 మీటలు, పాశ్చాత్య స్వరాల లెక్కలో కింది జి నుంచి పై ఎఫ్ దాకా. ప్రతి మీటకీ సొంత టేపు ముక్క, దాన్ని చదివే సొంత హెడ్డు. టేపు వెడల్పు 3/8 అంగుళం, అంటే దాదాపు 9.5 మి.మీ. దాని మీద పక్కపక్కనే మూడు ట్రాకులు: ఒకదాని మీద వయొలిన్లు, ఇంకోదాని మీద ఫ్లూటు, మరోదాని మీద సెల్లో, అలా. ట్రాకు మార్చే గుబ్బ తిప్పితే హెడ్ల వరస మొత్తం పక్కకి జరుగుతుంది. రెండు ట్రాకుల మధ్యలో ఆపితే రెండు వాయిద్యాలూ కలిసి వినిపిస్తాయి.

మీట నొక్కగానే కింద రెండు పనులు ఒకేసారి జరుగుతాయి. ఫెల్టు మెత్త టేపుని హెడ్డుకి అదుముతుంది. రబ్బరు చక్రం అదే టేపుని ఎప్పుడూ తిరుగుతూ ఉండే ఉక్కు కడ్డీకి అదుముతుంది. ఆ కడ్డీ 35 మీటలకీ ఒక్కటే, ఈ చివర నుంచి ఆ చివర దాకా. టేపు సెకనుకి 7.5 అంగుళాల చొప్పున జారి వెనకనున్న అరలో పడుతుంది. 8 సెకన్లంటే 60 అంగుళాలు, ఐదడుగుల టేపు. అది అయిపోతే మీట నొక్కి ఉన్నా నిశ్శబ్దమే. వేలు తీయగానే స్ప్రింగు టేపుని మొదటికి లాగేసుకుంటుంది.

టేపు చివరలు అతికించి ఉంగరంలా తిప్పితే ఎంతసేపైనా మోగేది కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. అలా చేస్తే స్వరానికి మొదలు పోతుంది. కమాను తీగ మీద పడే ఆ మొదటి రాపిడి, ఫ్లూటులో ఊపిరి తగిలే క్షణం, వీటితోనే చెవి వాయిద్యాన్ని గుర్తుపడుతుంది. ఉంగరపు టేపు ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది కాబట్టి మీట నొక్కిన క్షణాన అది స్వరంలో ఎక్కడుందో ఎవరికీ తెలియదు. స్వరం ప్రతిసారీ మొదటి నుంచే మొదలవ్వాలంటే టేపు ప్రతిసారీ మొదటికి రావాలి, అందుకు దాని పొడవుకి హద్దు ఉండాలి. ఎనిమిది సెకన్ల లెక్క అక్కడ పుట్టింది. మన హార్మోనియంలో తిత్తి ఆడుతున్నంతసేపూ స్వరం నిలుస్తుంది, కానీ ఏ మెట్టు నొక్కినా స్వరం మొదలు ఒకేలా ఉంటుంది. మెలోట్రాన్ నిలకడని వదులుకుని మొదలుని దక్కించుకుంది.

ఈ ఆలోచన అమెరికాలో హ్యారీ ఛాంబర్లిన్‌ది, 1940ల చివరిది. 1962లో బిల్ ఫ్రాన్సెన్ అనే సేల్స్‌మన్ రెండు ఛాంబర్లిన్ వాయిద్యాలు పట్టుకుని ఇంగ్లండు వెళ్లి, ఒకే తీరున్న 70 టేపు హెడ్లు చేసిపెట్టేవాళ్ల కోసం వెతికాడు. బర్మింగ్‌హామ్‌లో బ్రాడ్లీ సోదరుల సంస్థ దొరికింది. 1963లో మార్క్ 1, మరుసటి ఏడాది మార్క్ 2 వచ్చాయి. బ్యాండ్ లీడర్ ఎరిక్ రాబిన్సన్, ఇంద్రజాలికుడు డేవిడ్ నిక్సన్ ఈ వ్యాపారంలో భాగస్తులు. మార్క్ 2లో 35 మీటల వరసలు రెండు పక్కపక్కన ఉంటాయి. ఎడమ వరసలో తాళాలు, పాటకి నేపథ్యాలు, కుడి వరసలో విడి వాయిద్యాలు. ఇంట్లో కూర్చుని ఒక్కరే పూర్తి బృందంలా వాయించుకోవడానికి చేసిన యంత్రం అది. రాక్ వాళ్లు దాన్ని మరో దారికి తిప్పారు. మూడీ బ్లూస్ కీబోర్డిస్టు మైక్ పిండర్ బృందంలో చేరకముందు ఆ ఫ్యాక్టరీలోనే పనిచేశాడు. తన యంత్రంలోంచి తాళాల టేపులు, రకరకాల చప్పుళ్ల టేపులు తీసేసి వాటి చోట కూడా వయొలిన్లే పెట్టుకున్నాడు. 1967లో బీటిల్స్ 'స్ట్రాబెర్రీ ఫీల్డ్స్ ఫరెవర్' మొదట్లో వినిపించే ఫ్లూటు, 1969లో కింగ్ క్రిమ్సన్ మొదటి ఆల్బంలో గోడలా లేచే వయొలిన్లు, రెండూ మెలోట్రాన్‌వే.

ఇక అసలు ఆకర్షణ. ప్రతి మీటా వేరే రికార్డింగు. ముగ్గురు వయొలినిస్టులు జి వాయించారు, ఆగారు, తర్వాత జి షార్ప్ వాయించారు, అలా 35 సార్లు. ఏ రెండు స్వరాలూ ఒకే బలంతో, ఒకే కంపనంతో రావు. ఒకటి కాస్త ముందు అందుకుంటుంది, ఇంకొకటి మెల్లగా ఊరుతుంది. నాలుగు మీటలు కలిపి నొక్కితే నాలుగు విడి వాయింపులు ఒకదాని మీద ఒకటి పడతాయి, పన్నెండు వయొలిన్ల కంపనాలు దేని దారిన అవి నడుస్తాయి. చవక కీబోర్డుల్లో ఒక్క రికార్డింగునే వేగం పెంచి, తగ్గించి పది మీటలకి సర్దుతారు. అలా చేస్తే పై స్వరాల్లో కంపనం గబగబా, కింది స్వరాల్లో బద్ధకంగా వినిపిస్తుంది. చెవి ఆ మోసాన్ని వెంటనే పట్టేస్తుంది. దీనికి తోడు టేపు పై పౌనఃపున్యాలని కొంత తినేస్తుంది, మోటారు వేగం పిసరంత ఊగుతుంది. వినేవాడికి పక్క వీధి గుడిలోంచి గాలి మీద తేలివచ్చే మేళం గుర్తొస్తుంది: మనిషి చేతి వాయింపే, కానీ దూరంగా.

అందుకే వాయించే పద్ధతి కూడా మారుతుంది. ముందుగా లెక్క. నిమిషానికి 60 దెబ్బల వేగంలో ఎనిమిది సెకన్లంటే 8 దెబ్బలు, చతురశ్రంలో రెండు ఆవృతాలు. 75లో 10 దెబ్బలు, 120లో 16. పిచ్ గుబ్బతో అర స్వరం పైకి పెంచితే టేపు దాదాపు 6 శాతం వేగంగా పరిగెడుతుంది కాబట్టి 7.5 సెకన్లకే అయిపోతుంది. ఆ లోపు కార్డు, అంటే కలిపి నొక్కిన స్వరాల గుంపు, మార్చాలి. మార్చాల్సిన చోటు పాటలో లేకపోతే వేళ్లని ఎండ్రకాయలా నడపాలి: నాలుగు స్వరాల కార్డులో రెండు సెకన్లకి ఒక వేలు తీసి, అదే కార్డులోని మరో స్వరం మీద వేయడం. అన్ని వేళ్లూ ఒకేసారి తీస్తే గండి పడుతుంది. వేగంగా ఒకే మీట టకటకా కొట్టడం దీనికి పనికిరాదు. టేపు వెనక్కి పూర్తిగా చేరకముందే మళ్లీ నొక్కితే స్వరం నడుమ నుంచి మొదలవుతుంది, కమాను పడిన చప్పుడు ఉండదు.

చెడిపోయే తీరులు కూడా ఈ నిర్మాణంలోంచే వస్తాయి. కార్డు నొక్కగానే శృతి కిందికి జారితే, మోటారుకి బరువు ఎక్కువైందని అర్థం. పాత మోటారు కంట్రోలు సర్క్యూట్ బోర్డులు ఈ బరువుని సరిగ్గా సర్దుకోలేకపోయేవి. ఒక్క మీటే తేడాగా ఉంటే కారణం ఆ మీట కింది రెండు స్క్రూల్లో ఉంటుంది. ఒకటి ఫెల్టు మెత్తది, రెండోది రబ్బరు చక్రానిది. మెత్త వదులైతే స్వరం మందంగా, లోతు నుంచి వచ్చినట్టు ఉంటుంది, ఎందుకంటే టేపు హెడ్డుకి ఆనుకోకపోతే ముందు పోయేది పై పౌనఃపున్యాలే. మెత్త మరీ బిగువైతే టేపు ఈడ్చుకుంటూ నడుస్తుంది, శృతి తగ్గుతుంది. చక్రం వదులైతే జారుతుంది, స్వరం తడబడుతుంది. చక్రం మరీ బిగిస్తే మోటారుకి భారం, టేపుకి అరుగుదల. స్క్రూని పావు చుట్టు కంటే ఎక్కువ ఒకేసారి తిప్పకూడదు. తిప్పిన ప్రతిసారీ పూర్తి ఎనిమిది సెకన్లు వినాలి, ఎందుకంటే టేపు మొదట్లో బాగుండి చివర్లో వణికే మీటలు ఉంటాయి.

ఎం400 బరువు దాదాపు 55 కిలోలు. అది మన ఊళ్లలో దొరికేది కాదు, దొరికినా భోగాపురం వైపు నుంచో కళింగపట్నం వైపు నుంచో వచ్చే ఉప్పు గాలిలో దాన్ని నిలబెట్టడం పెద్ద పని. కానీ ఆ సూత్రంతో మన వయొలిన్ స్వరాలే టేపు మీదకి ఎక్కించి కంప్యూటర్లో మీటలకి కట్టుకోవచ్చు. విజయనగరంలో ఇది చేయకపోతే ఇంకెక్కడ చేస్తాం? 1919లో మొదలైన మహారాజా సంగీత కళాశాలలో ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ నేర్పిన ఊరిది. కమాను పూర్తి పొడవునా లాగి ఒక్క స్వరాన్ని నిలపడం ఇక్కడి విద్యార్థులకి మొదటి పాఠాల్లోదే.

కావలసినవి ఇవి: ఒక వయొలిన్ విద్యార్థి, ఒక మైకు, రికార్డింగ్ సౌకర్యమున్న ఒక క్యాసెట్ డెక్కు, మామూలు ఫెర్రిక్ సి60 క్యాసెట్, కంప్యూటరు. కర్ణాటక పద్ధతిలో తీగలు స-ప-స-ప గా ఉంటాయి. ఈ పనికి జి-డి-ఎ-ఇ గా కట్టమని అడగండి, ఎ తీగ సెకనుకి 440 కంపనాల దగ్గర. అప్పుడు అట్టడుగు తీగ జి నుంచి మొదలుపెట్టి 35 స్వరాలు పైకి వెళ్తే ఎఫ్ దగ్గర ఆగుతాం. వాయించేవాళ్లకి ముందే చెప్పాల్సినవి రెండు. గమకం వద్దు, స్వరం నిలకడగా ఉండాలి. ఒక్కో స్వరం ఒక్క కమానులోనే, కనీసం తొమ్మిది సెకన్లు. కమాను మధ్యలో తిరిగితే ఆ మలుపు రికార్డులో స్పష్టంగా తెలుస్తుంది, ఆ స్వరం మళ్లీ తీసుకోవాలి. ప్రతి స్వరం మూడుసార్లు తీసుకుని, వాటిని ఒకదానిమీద ఒకటి కలిపితే ముగ్గురు వాయించినట్టు అవుతుంది. ఫ్యాన్ ఆపేయండి. ఇన్వర్టరు మీద రికార్డు చేయకండి, చవక ఇన్వర్టర్ల గరగర తీగల కింద పేరుకుపోతుంది.

తర్వాత ఆ 35 స్వరాలని కంప్యూటర్లోంచి క్యాసెట్ మీదకి పంపాలి. స్వరానికి 8 సెకన్లు, మధ్యలో 2 సెకన్ల ఖాళీ, మొత్తం 350 సెకన్లు, ఆరు నిమిషాల లోపే. సి60లో ఒక పక్కకి 30 నిమిషాలు కాబట్టి వయొలిన్, వేణువు, నలుగురు కలిసి తీసే ఆలాపన, మూడూ ఒకే పక్క పడతాయి. డెక్కులో బుసబుస తగ్గించే డాల్బీ మీటని ఆపి ఉంచండి. క్యాసెట్ సెకనుకి 1⅞ అంగుళాల వేగంతో నడుస్తుంది, మెలోట్రాన్ వేగంలో నాలుగో వంతు. అందుకే బుసబుస ఎక్కువ, పై పౌనఃపున్యాలు తక్కువ. మీటరు సున్నా దగ్గర గానీ కాస్త పైన గానీ ఆడేలా స్థాయి పెడితే బుసబుస అణుగుతుంది, టేపు స్వరాన్ని కొంచెం గుండ్రంగా చేస్తుంది.

రికార్డుకి ముందు హెడ్డుని, ఉక్కు కడ్డీని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన ఇయర్ బడ్‌తో తుడవాలి. రబ్బరు చక్రానికి ఆల్కహాల్ వాడితే రబ్బరు గట్టిపడి పగుళ్లిస్తుంది, దానికి సబ్బు నీళ్ల తడి చాలు. శృతి ఊగుడు మరీ ఎక్కువైతే బెల్టు సాగిపోయి ఉంటుంది, మార్చండి. కొద్ది ఊగుడు మాత్రం ఉంచుకోవాల్సిందే. అటకమీద దొరికిన పాత హరికథ క్యాసెట్లని ఈ పనికి వాడాలనిపిస్తే ముందు పక్క నుంచి టేపు అంచులు చూడండి. తెల్లటి పొడి పట్టి ఉంటే అది బూజు. అది హెడ్డుకి అంటుకుని తర్వాత పెట్టే ప్రతి క్యాసెట్‌కీ పాకుతుంది. పైగా ఆ హరికథ మరెక్కడా దొరక్కపోవచ్చు, దాని మీద ఎక్కించడం కంటే దాన్ని కాపాడటం మంచిది. వానాకాలంలో క్యాసెట్లకి గాలి చొరబడని స్టీలు డబ్బా, లోపల సిలికా జెల్ పొట్లాలు, ఏడాదికోసారి చివరిదాకా ఒకసారి నడపడం, ఇంతే.

క్యాసెట్‌లోంచి మళ్లీ కంప్యూటర్లోకి తీసుకున్నాక ముక్కలు కోయడంలో శ్రద్ధ కావాలి. కమాను చప్పుడు ముందు 20 మిల్లీసెకన్లు వదలండి, మొదలుని నున్నగా అరగదీయకండి. శాంప్లర్‌లో (రికార్డింగు ముక్కల్ని మీటలకి కట్టే సాఫ్ట్‌వేర్‌లో) ఒక్కో ముక్కని ఒక్క మీటకే కట్టండి, పక్క మీటలకి సాగదీయవద్దు. ముక్కని తిప్పి తిప్పి మోగించే లూప్ ఆపండి. మీటని గట్టిగా కొడితే స్వరం పెద్దదయ్యే ఏర్పాటు తీసేయండి. రిలీజ్ (వేలు తీశాక స్వరం ఆరే సమయం) 50 మిల్లీసెకన్ల దగ్గర చాలు, వేలు తీస్తే మెత్త పైకి లేచినట్టు స్వరం తెగిపోవాలి. స్టీరియో అక్కర్లేదు, మోనోలో ఉంచి గిటారు ఆంప్లిఫయర్‌లోంచి పంపితే డ్రమ్ములు, గిటార్ల మధ్య నిలబడుతుంది. శృతి సరిచేసే సాఫ్ట్‌వేర్ జోలికి వెళ్లకండి. అయిదారు సెంట్ల (సెంటంటే అర స్వరంలో నూరో వంతు) తేడాలు స్వరానికీ స్వరానికీ ఉండనివ్వండి, పది దాటినవి మాత్రం దిద్దండి.

ముక్కల పొడవుల్ని కూడా సరిగ్గా ఎనిమిదికి కత్తిరించకండి. ఒకటి 7.7, ఒకటి 7.9, అలా. అప్పుడు నాలుగు స్వరాల కార్డు నొక్కి చివరిదాకా పట్టుకుంటే అది ఒక్కసారిగా ఆరిపోదు. ముందు పై స్వరం పోతుంది, తర్వాత లోపలిది ఒకటి, కాసేపు అడుగున రెండు వయొలిన్లు మాత్రమే మిగులుతాయి.