గిన్నె అడుగు నల్లబడింది

మాది పర్లాకిమిడి. ఊరు దాటితే పాతపట్నం, అంటే ఆంధ్ర వచ్చేసినట్టే. ఇంట్లో ఏ పని పెట్టుకున్నా కార్పెంటరు అటునుంచి వస్తాడు, సామాన్లు బరంపురం నుంచి వస్తాయి. గ్యాస్ ఏజెన్సీ కుర్రాడు మాత్రం ఇక్కడివాడే, సగం ఒడియా సగం తెలుగు మాట్లాడతాడు. నిరుడు వంటింటి గట్టు తీయించి గ్రానైటు వేయించినప్పుడు వీళ్లందరి మధ్యా నేను నలిగిపోయాను. గట్టులో దిగిపోయి పైన గాజు మాత్రమే కనబడే హాబ్ పొయ్యి పెట్టించాలని నా కోరిక. పాత రెండు బర్నర్ల స్టవ్‌కి ఏమైందని మా అత్తగారి ప్రశ్న.

మొదటి గండం కొలతల దగ్గరే వచ్చింది. గ్రానైటు మేస్త్రీ ఫోన్ చేసి "సైజు చెప్పండమ్మా, కోసేస్తాను" అన్నాడు. నేను బిల్లు మీద ఉన్న సైజు చదివేశాను. ఆ మధ్యాహ్నమే హాబ్ రావడం నా అదృష్టం. అట్టపెట్టెలో కంత కొలతల కాగితం విడిగా ఉంది. నేను చదివింది పైన గాజు కొలత. గాజు అంచు నాలుగువైపులా గ్రానైటు మీద ఆనాలి కాబట్టి కంత అంతకన్నా చిన్నది. నా మాట నమ్మి కోసి ఉంటే హాబ్ నేరుగా కింద అలమరలో పడేది. వస్తువు ఇంటికి రాకుండా రాయి మీద రంపం పెట్టనివ్వకండి.

అసలు గొడవ సిలిండర్ దగ్గర మొదలైంది. కార్పెంటరు హాబ్ కిందే అలమర చేసి, సిలిండర్ అందులో పెట్టి తలుపు వేసేద్దాం, కనబడకుండా నీట్‌గా ఉంటుందన్నాడు. నాకూ నచ్చింది. పైపు చూడ్డానికి వచ్చిన ఏజెన్సీ కుర్రాడు మాత్రం ఆ తలుపుని రెండుసార్లు తీసి, వేసి, "అక్కా, ఇందులో పెడితే నేను కనెక్షన్ ఇవ్వను" అనేశాడు.

వంటగ్యాస్ గాలి కన్నా బరువు. పైకి పోదు, నీళ్లలా కిందికి జారి నేల మీద పరుచుకుంటుంది. గ్యాస్‌కి సొంతంగా వాసన లేదు, లీకైతే మనకి తెలియాలని ఇథైల్ మెర్కాప్టాన్ కలుపుతారు. మూసిన అలమరలో లీకైతే ఆ వాసన మన ముక్కుదాకా వచ్చేసరికి లోపల ఎంత నిండిందో ఎవరికి తెలుసు? అప్పుడు లైటు స్విచ్ వేసినా ఆపినా ఆ చిన్న నిప్పురవ్వ చాలు. ఇదంతా అతను గుమ్మంలో నిలబడే చెప్పాడు. కార్పెంటరు మొహం మాడ్చుకున్నాడు, డిజైన్ పాడైందని.

చివరికి సిలిండర్ పెరటి వరండాలోకి పోయింది. అక్కడ నీడ ఉంది, నేల చదునుగా ఉంది. మురుగు కాలువ తూముకి దూరంగా పెట్టమన్నాడు ఏజెన్సీ కుర్రాడు, గ్యాస్ అందులోకి జారకుండా. గోడలోంచి రబ్బరు గొట్టం దూర్చకూడదు, లోపల పగిలినా కనబడదు. అందుకని గోడలో రాగి పైపు, దానికి రెండు చివర్లా మాత్రమే నారింజ రంగు సురక్షా గొట్టం. లోపల తీగ అల్లిక ఉండే ఈ గొట్టం ఒకటిన్నర మీటరు మించకూడదు, అయిదేళ్లకి మార్చేయాలి. హాబ్ పక్కన చెయ్యి అందేచోట ఇంకో వాల్వు పెట్టించాను, రాత్రిపూట పెరట్లోకి పోవాలంటే నాకు బద్ధకం. నిజానికి పడుకునే ముందు రెగ్యులేటర్ దగ్గరే కట్టేయాలి. ఆ పని మా ఆయనకి అప్పగించాను.

జాయింట్లు చూడ్డానికి ఆ కుర్రాడే గ్లాసులో సబ్బు నీళ్లు నురగ కట్టేదాకా గిలక్కొట్టి, పాత పెయింటు బ్రష్‌తో ఒక్కో జాయింటుకీ పూశాడు. వాల్వు దగ్గర ఏమీ లేదు. గోడ మలుపు దగ్గర మాత్రం ఆవగింజంత బుడగ లేచింది. పగిలింది. అదే చోట మళ్లీ ఇంకోటి. ముక్కు పెట్టి చూస్తే వాసనే లేదు! నట్టు ఇంకో చుట్టు బిగించి మళ్లీ పూస్తే నురగ కదల్లేదు. అగ్గిపుల్లతో చూసేవాళ్లు మా వీధిలో ఇప్పటికీ ఉన్నారు. అది తప్పని చెబితే నవ్వుతారు. నేను మాత్రం ఫ్రిజ్ పక్కన గోడ మీద 1906 అని పెద్దగా రాసి పెట్టుకున్నాను, గ్యాస్ లీకైతే చేసే నంబరు అది.

హాబ్ వెలిగింది. మొదటిరోజు అత్తగారికి కోపం వచ్చింది, నాబ్ వదిలేస్తే మంట ఆరిపోతోందని. పాలు పొంగి మంట ఆరితే గ్యాస్ దానంతటదే ఆగిపోయే ఏర్పాటు ఉంది దీనికి. బర్నర్ పక్కనుండే చిన్న కడ్డీ వేడెక్కేదాకా నాబ్‌ని కాసేపు నొక్కి పట్టుకోవాలి. అది అలవాటైపోయింది. వారం తిరక్కుండా ఆవిడే దాల్మా గిన్నె బోర్లించి చూపించారు. "ఏటే పిల్లా, అడుగంతా మసి పట్టేస్తంది?"

మంట పసుపుగా వస్తోంది. సిలిండర్ అయిపోవస్తోందనుకున్నాను. మార్చినా అంతే. బర్నర్ కన్నాలు పిన్నీసుతో పొడిచాను. అమ్మిన కొట్టుకి ఫోన్ చేస్తే కొత్త బర్నర్లు అలాగే ఉంటాయి, అదే సర్దుకుంటుందన్నారు. పసుపు మంట అంటే గ్యాస్ సరిగ్గా కాలడం లేదని, కార్బన్ మోనాక్సైడ్ పుడుతుందని, దానికి రంగూ వాసనా ఉండవని తెలిశాక నాకు నిద్రపట్టలేదు.

కారణం దొరికింది గరిటె కోసం వెతుకుతుంటే. హాబ్ కింద సొరుగు అత్తగారు మొత్తం బయటికి లాగేశారు. పైన మంట ఒక్కసారి వణికి, పసుపు కొసలు పోయి నీలంగా నిలబడింది. సొరుగు లోపలికి తోశారు. కాసేపటికి మళ్లీ పసుపు. మేమిద్దరం ఆ సొరుగుని నాలుగైదుసార్లు తీసి వేశాం, చిన్నపిల్లల్లా. మా హాబ్‌లో బర్నర్లకి గాలి కిందినుంచే అందాలి. కార్పెంటరు వెనకా పక్కలా చెక్కలు బిగించి, సొరుగు పెట్టి, పొయ్యి ముక్కు మూసేశాడు. పిలిపించి వెనక చెక్క కోయించాను, అలమర తలుపులకి పైనా కిందా గాలి కంతలు పెట్టించాను. "ఎలకలకి దారి చేసేరా?" అన్నారు అత్తగారు. అదీ నిజమే, రబ్బరంటే వాటికి ఎక్కడలేని ప్రేమ. కంతలకి స్టీలు జాలీ కొట్టించాం.

ఇక చిమ్నీ. పైపు లేకుండా ఫిల్టర్‌తో గాలిని మళ్లీ వంటింట్లోకే వదిలే రకం చవగ్గా వస్తుందని మా ఆయన అన్నారు. మా పోపులకి అది సరిపోదని నేను పట్టుబట్టి, గోడలోంచి ఆరంగుళాల పైపు పెట్టించాను, ఒక్క వంపుతోనే. వంపులు పెరిగేకొద్దీ లాగే బలం తగ్గుతుంది. హాబ్ నుంచి చిమ్నీ ఎత్తు 28 అంగుళాలు. గంటకి 1200 ఘనమీటర్లు లాగుతుందని అట్టపెట్టె మీద ఉంది. అంటే నిమిషానికి 20. పదడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తున్న మా వంటిల్లు మొత్తం కలిపినా 23 ఘనమీటర్లు ఉండదు! కిటికీ, తలుపు మూసి చిమ్నీ వేస్తే అది లాగడానికి గాలి ఎక్కడిది? అగరుబత్తి వెలిగించి చూశాను. కిటికీ మూసి ఉంటే పొగ చిమ్నీ కింద తడబడుతూ తిరిగింది. కిటికీ బెత్తెడు తీశానో లేదో నిటారుగా పైకి లేచింది. అప్పటినుంచీ కిటికీ తీయకుండా పొయ్యి వెలిగించం.

చిమ్నీ పనితనం తేల్చడానికి అత్తగారు ఎండు మెత్తళ్లు వేయించారు. వంటింట్లో వాసన లేదు. పావుగంటలో పక్కింటి ఒడియా మావుసీ గోడ మీదుగా పిలిచారు, వాళ్ల తులసికోట దగ్గర నిలబడి, ముక్కు మూసుకుని. పైపు మూతి సరిగ్గా వాళ్ల పెరట్లోకి ఉంది. మర్నాడు మేస్త్రీ వచ్చి దాన్ని మా మునగచెట్టు వైపు తిప్పాడు.