2038 కోసం కంపైలర్ కడుతున్నాం

స్టుట్‌గార్ట్ చుట్టుపక్కల ప్యాకింగ్ యంత్రాలు తయారుచేసే కంపెనీలు చాలా ఉన్నాయి. నేను పనిచేసేది అలాంటి ఒకదాంట్లో. హైదరాబాద్‌లో ఉన్నప్పుడు కంపైలర్, అంటే మనం రాసిన ప్రోగ్రాముని చిప్‌కి అర్థమయ్యే రూపంలోకి మార్చే సాఫ్ట్‌వేర్, ఎవరో ఇన్‌స్టాల్ చేసి ఇచ్చేవారు, అదెక్కడి నుంచి వచ్చిందని అడగాల్సిన అవసరం రాలేదు. ఇక్కడ అమ్మిన యంత్రం ఇరవై ఏళ్లయినా నడవాలి. అందుకే ప్రోగ్రాములతో పాటు వాటిని తయారుచేసిన కంపైలర్ సోర్సు (మనుషులు చదివి మార్చగల కోడ్) కూడా భద్రంగా దాస్తారు. ఈ పద్ధతంటే నాకు చాలా గౌరవం.

యంత్రాలను నడిపించే మా కంట్రోలర్లు 32 బిట్ ఏఆర్‌ఎం చిప్పుల మీద లైనక్స్‌తో నడుస్తాయి. వాటిలో పాత పద్ధతి ప్రకారం 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్లను 32 బిట్లలో లెక్కపెడతారు. 2038 జనవరి 19న ఆ లెక్క నిండిపోయి తేదీ 1901కి పడిపోతుంది. ఇవాళ అమ్మే యంత్రం అప్పటికి ఇంకా పనిలోనే ఉంటుంది! లైనక్స్‌లో ప్రోగ్రాములు వాడుకునే సీ లైబ్రరీ పేరు జీలిబ్‌సీ. 2021లో వచ్చిన దాని 2.34 వెర్షన్‌తో 32 బిట్ చిప్పుల మీద కూడా 64 బిట్ల టైమ్ వాడుకునే వీలు కలిగింది. కాబట్టి టూల్‌చైన్, అంటే కంపైలర్, దాని తోడు పనిముట్లు, లైబ్రరీ, మొత్తం మళ్లీ కట్టాలి.

ముందు బైన్‌యుటిల్స్, అంటే అసెంబ్లర్, లింకర్ (విడి ముక్కలను కలిపి ఒక ప్రోగ్రాముగా చేసేది). ఆ తర్వాత చెట్టు ముందా విత్తు ముందా అన్న చిక్కు. మా కంపైలర్ పేరు జీసీసీ. పూర్తి జీసీసీకి సీ లైబ్రరీ కావాలి, ఆ లైబ్రరీని కంపైల్ చేయాలంటే జీసీసీ కావాలి. అందుకని సీ భాష మాత్రమే తెలిసిన చిన్న జీసీసీని మొదట కడతాం. లైనక్స్ కెర్నల్‌తో మాట్లాడే వివరాలుండే హెడర్ ఫైళ్లు పెట్టి, దానితో జీలిబ్‌సీ కట్టి, చివరికి సీ ప్లస్‌ప్లస్‌తో సహా జీసీసీని ఇంకోసారి కడతాం. క్రాస్‌టూల్ ఎన్‌జీ అనే టూల్ ఇదంతా తనే చేసిపెడుతుంది, రోజువారీకి అదే వాడండి. కానీ ఒక్కసారైనా చేత్తో కట్టినవాళ్లకే ఎక్కడ ఆగిందో చప్పున తెలుస్తుంది.

ఆఫీసు కంప్యూటర్‌లో ఎర్రర్లు కూడా జర్మన్‌లోనే వస్తాయి. బిల్డ్‌కి ముందు భాషను నిర్ణయించే ఎల్‌సీ ఆల్ (LC_ALL) వేరియబుల్‌కి సీ (C) అని పెడితే ఇంగ్లిష్‌లో వస్తాయి, వెతుక్కోవడం తేలిక. మీటింగుల్లో నేను ఇంకా తడుముకుంటూనే మాట్లాడతాను. బిల్డ్ లాగ్ తెరిస్తే మాత్రం, త్వరలో రిటైరవబోయే మా సీనియర్ కుర్చీ నా పక్కకి లాక్కుని కూర్చుంటారు. ఆయనకు తెలిసిందంతా ఓపిగ్గా చెబుతారు, నాకు తెలిసింది అడుగుతారు. పరాయి దేశంలో నాకు కాలు నిలదొక్కుకున్నట్టు అనిపించింది అక్కడే.

అసలు టెన్షన్ బిల్డ్ అయ్యాక మొదలవుతుంది. ఒక లైబ్రరీ పాత టైమ్‌తో, ఇంకొకటి కొత్త టైమ్‌తో తయారైతే ఒకవైపు 4 బైట్లు, మరోవైపు 8. చాలాసార్లు కంపైలర్ నోరెత్తదు, లింకర్ కూడా ఊరుకుంటుంది. నడిచేటప్పుడే డేటా చెడిపోతుంది. 2024లో డెబియన్ అనే లైనక్స్ రకాన్ని తయారుచేసేవాళ్లు ఈ మార్పు చేసినప్పుడు పాతవీ కొత్తవీ కలవకుండా లైబ్రరీ ప్యాకేజీల పేర్లకు టీ64 అని తగిలించారు. అది చూసి మేమూ కొత్త టూల్‌చైన్‌కి వేరే పేరు, వేరే ఫోల్డర్ పెట్టుకున్నాం.

ఇప్పుడు టెస్ట్ బెంచ్ మీద గడియారాన్ని ఆ తేదీ దాటించి నడుపుతున్నాం. మా ప్రోగ్రాములు దాటాయి. ఒక సరఫరాదారు సోర్సు లేకుండా ఇచ్చిన లైబ్రరీ మాత్రం ఆగిపోయింది. దాన్ని మేం మళ్లీ కట్టలేం. సోర్సు ఇవ్వండి, లేదా కొత్త టూల్‌చైన్‌తో కట్టి పంపండి అని వాళ్లకు రాశాం.