ప్రశ్న అడిగితే తలమీద నూనె పోశారు

నిన్న రెండో శనివారం. కొత్తపట్నం బీచ్ నుంచి ఇంటికొచ్చేసరికి రాత్రి తొమ్మిదిన్నర. నిద్ర పట్టడం లేదు, అందుకే కూర్చుని రాస్తున్నాను. మా చర్చి సంఘంవాళ్ళ కంటపడితే అమ్మను ఏమంటారోనని రెండేళ్ళుగా వాయిదా వేస్తూ వచ్చాను. నిన్నటితో ఆ భయం కొంచెం తగ్గింది.

మాది ఒంగోలు. తరతరాల బాప్టిస్టు క్రైస్తవ కుటుంబం. మా నాయనమ్మ చెప్పిన ప్రకారం, 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే బాప్తిస్మం తీసుకున్న 2,222 మందిలో ఆమె తాత ఒకడు. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరుగా వంతులేసుకుని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఇచ్చారట. ఇక ప్రార్థన కొండ సంగతి ఒంగోల్లో ఏ సండే స్కూల్ పిల్లాణ్ణి అడిగినా చెప్తాడు. 1854 జనవరి 1న మిషనరీ జూయెట్ దొర, ఇంకో నలుగురు ఆ కొండెక్కి మోకరించిన కథ నేనే ఏడేళ్ళపాటు పిల్లలకు బొమ్మలేసి చెప్పాను. బైబిల్ క్విజ్‌లో వరుసగా మూడేళ్ళు నాదే ఫస్ట్ ప్రైజు. యూదా రాజుల పేర్లు వరసగా ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా చెప్తాను. గొప్ప కోసం చెప్పడం లేదు. సరే, కొంచెం గొప్ప కోసమే. కానీ తర్వాత "వీడికి వాక్యం తెలీదు, అందుకే పడిపోయాడు" అన్నవాళ్ళకు ఇది తెలియాలి.

మొదలైంది చెల్లి పోయినప్పుడు. డెంగీ. ఇరవై మూడేళ్ళు. నాలుగు రోజులు ఐసీయూలో ఉంది. మూడో రోజు చర్చిలో ఉపవాస ప్రార్థన పెట్టారు. పాస్టరుగారు మైకులో "ప్రభువు నాకు చూపించాడు, ఈ బిడ్డ తన కాళ్ళ మీద నడిచి ఇంటికొస్తుంది" అన్నారు. అమ్మ ఆ మాట పట్టుకుంది. ఆస్పత్రికి తీసుకెళ్ళిన హడావిడిలో చెల్లి చెప్పులు ఎక్కడో పోయాయి. నడిచొచ్చే పిల్లకు చెప్పులుండాలి కదా అని బజారుకెళ్ళి కొత్త జత కొనుక్కొచ్చింది. ఆరో నంబరు. ఆ పెట్టె ఇప్పటికీ మా ఇంట్లో మంచం కింద ఉంది.

జ్ఞాపకార్థ కూటంలో అదే పాస్టరుగారు "మన విశ్వాసంలో ఎక్కడో లోపం జరిగింది" అన్నారు. ఎవరి విశ్వాసంలో? నా మొదటి ప్రశ్న అదే. మా అమ్మదా? చెప్పులు కొన్న మనిషిదా?

తర్వాత మూడు నెలలు పెన్సిల్ పట్టుకుని బైబిల్ మొదట్నుంచి చదివాను. ఆ పని తేలికే, అలవాటైనదే. పద్నాలుగు ప్రశ్నలు తేలాయి. ఒక నోటుబుక్కులో రాసుకుని సంఘ పెద్దల దగ్గరికి వెళ్ళాను.

ఇక్కడే ఒక సలహా. రాసుకుని మాత్రం వెళ్ళకండి. నోటితో అడిగితే సందేహం అంటారు. కాగితం మీద పెడితే తిరుగుబాటు అంటారు.

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి వెనక గదిలో కూర్చున్నాం. ప్లాస్టిక్ కుర్చీల్లో ఏడుగురు పెద్దలు, గోడకు నేను గీసిన నోవహు ఓడ చార్టు. కరెంటు పోయింది. నోటుబుక్కు చేతులు మారుతూ వెళ్ళింది గానీ ఒక్కరూ తెరవలేదు. నాలుగో ఆయన దగ్గర ఆగింది. చదువుతున్నాడనుకున్నాను. దాంతో విసురుకుంటున్నాడు. మీటింగు అయ్యేదాకా నా పద్నాలుగు ప్రశ్నలూ ఆయన మెడకు గాలి కొట్టాయి.

మొదట బైబిల్లోని యాకోబు పత్రిక అయిదో అధ్యాయం అడిగాను. పెద్దలు నూనె రాసి ప్రార్థిస్తే విశ్వాస సహితమైన ప్రార్థన రోగిని స్వస్థపరుస్తుందని ఉంది కదా, మీరు ఏడుగురూ వచ్చి చెల్లికి నూనె రాశారు కదా, మరి? "దేవుని ఆలోచనలు మన ఆలోచనల వంటివి కావు బాబూ" అన్నారు. అలాంటప్పుడు పాస్టరుగారికి ముందే ఎట్లా చూపించాడు అంటే పలకలేదు.

తర్వాత యేసును పట్టిచ్చిన ఇస్కరియోతు యూదా. మత్తయి సువార్తలో ఉరిపెట్టుకున్నాడు. అపొస్తలుల కార్యాల్లో తలకిందులుగా పడి మధ్యకు బద్దలయ్యాడు. ఒక డీకన్ (సంఘ పరిచారకుడు) వెంటనే "ఉరేసుకున్నాక తాడు తెగి పడ్డాడు" అన్నాడు. ఈ జవాబు నాకూ తెలుసు, పిల్లలకు నేనూ అదే చెప్పేవాణ్ణి. "మరి యేసును పట్టిచ్చిన డబ్బుతో పొలం కొన్నదెవరు? ఒకచోట ప్రధాన యాజకులు, ఇంకోచోట యూదాయే" అన్నాను. అది ఎవరికీ గుర్తు లేదు. క్విజ్ ఫస్ట్ ఊరికే రాలేదు.

అప్పటిదాకా ఎవరికీ కోపం రాలేదు. సమూయేలు మొదటి గ్రంథంలో అమాలేకీయుల చంటిపిల్లల్ని కూడా చంపమన్న ఆజ్ఞ గురించి అడిగినా రాలేదు. విసుక్కున్నారంతే. ఇంతలో ఆ డీకన్ "అబద్ధానికి తండ్రి సాతాను. ఇలాంటివి మనసులో పెట్టుకుని సండే స్కూల్లో పిల్లలకు పాఠం చెప్పడం అబద్ధం కాదా?" అన్నాడు.

నా నోరు ఊరుకోలేదు. "మన ఇళ్ళలో సర్టిఫికెట్ల మీద మతం ఏమని ఉందండీ?" అన్నాను.

గది నిశ్శబ్దమైపోయింది. నోటుబుక్కు విసరడం కూడా ఆగింది.

బయటివాళ్ళకు ఇది అర్థం కావడానికి రెండు ముక్కలు చెప్పాలి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువుకే ఎస్సీ హోదా. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవుల్ని చేర్చలేదు. క్రైస్తవంలోకి మారిన ఎస్సీలకు మన రాష్ట్రంలో బీసీ-సీ కోటా, ఒక్క శాతం రిజర్వేషన్. గుళ్ళోకి రానివ్వని కులం చర్చిలో ప్రార్థన చేసినంత మాత్రాన పోతుందా? పోదు. పెళ్ళి సంబంధం కలుపుకునేటప్పుడు చర్చి లోపల కూడా పోదు. అందుకే మా ఇళ్ళలో కాగితం మీద హిందువులం, ఆదివారం క్రైస్తవులం. నేను దాన్ని తప్పు పట్టను. సీటు, ఉద్యోగం, చివరికి ఎవడన్నా కొడితే అట్రాసిటీ కేసు, అన్నీ ఆ కాగితం మీదే. తప్పు మమ్మల్ని ఆ ఇరుకులో పెట్టిన చట్టానిది. కానీ ఆ ఇరుకులోనే బతుకుతూ నన్ను అబద్ధికుడంటే ఒళ్ళు మండింది.

దేవుడు పిల్లల్ని చంపమన్నాడేమిటని అడిగితే రాని కోపం సర్టిఫికెట్ మాటకు వచ్చింది. "బయటికి నడువ్" అన్నారు. గుండ్లకమ్మలో మునిగిన ముత్తాతను కూడా మధ్యలోకి లాగి, ఆయన పరువు తీశానన్నారు.

ఆ తర్వాతి ఆదివారం ప్రసంగం అయ్యాక పాస్టరుగారు మైకులో నన్ను పేరు పెట్టి ముందుకు పిలిచారు. క్షమాపణ చెప్పమంటారేమో, చెప్పేసి కూర్చుందాం అనుకుని వెళ్ళాను. "ఈ తమ్ముణ్ణి అవిశ్వాసపు ఆత్మ పట్టుకుంది, సంఘమంతా చేతులెత్తండి" అన్నారు. సీసా తీసి నా తలమీద వంచారు. పేరుకు ఒలీవ నూనె, వాసన మాత్రం కొబ్బరినూనెది. నుదుటి మీద అరచెయ్యి పెట్టి వెనక్కి నెడుతున్నారు. నేను పడటం లేదు. వెనక పట్టుకోవడానికి నిలబడినాయన చెవిలో మెల్లగా అన్నాడు: "పడిపో తమ్ముడూ, అయిపోద్ది. అన్నాలకు టైమైంది."

పడలేదు. మా తాతల కాలంలో మా సంఘాల్లో ఈ పడగొట్టడాలు లేవు. ఇవన్నీ టీవీలో చూసి నేర్చుకున్నవి. మైకు దొరికిన మనిషికి ఎదుటివాడు కాళ్ళ మీద నిలబడి ఉండటం ఎందుకంత కష్టంగా ఉంటుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

నూనె కంట్లోకి కారింది. అయినా తట్టుకునేవాణ్ణే. ముందు వరుసలో చాప మీద నా సండే స్కూల్ పిల్లలున్నారు. వాళ్ళలో రెండో తరగతి పాప "సార్‌కి దెయ్యం పట్టిందా?" అని పక్క పిల్లను గట్టిగా అడిగింది. ఆ మాట మైకులో కూడా వినపడింది.

ఆ తెల్లచొక్కాను అమ్మ రెండుసార్లు సబ్బుతో, ఒకసారి నిమ్మకాయతో రుద్దింది. భుజం మీద మరక పోలేదు. మొదటి ఆదివారం ప్రభు బల్ల రోజున, అంటే యేసు జ్ఞాపకంగా రొట్టె, ద్రాక్షరసం పంచుకునే రోజున, రొట్టె పళ్ళెం నా పక్కాయన దగ్గరికొచ్చి, నన్ను దాటించి అమ్మ దగ్గరికి వెళ్ళింది. అమ్మ తీసుకోలేదు. మూతి బిగించి పళ్ళెం ముందుకు పంపేసింది. ఇంటికొచ్చాక మాత్రం నన్నే తిట్టింది.

ఆ కోపంలో నాస్తికుల మీటింగుకు వెళ్ళాను. అదీ తప్పే. కోపం చల్లారకుండా ఎక్కడికీ వెళ్ళకండి, ఎవరు భుజం తట్టినా మనవాడే అనిపిస్తాడు. ఒంగోల్లో ఒక చిన్న హాలు, ముప్పై మంది. నాలుక మీద కర్పూరం వెలిగించుకుని, బాబాల మహిమల గుట్టు విప్పి చూపించారు. బాగుంది. తర్వాత టీ తాగుతుంటే ఒకాయన నవ్వుతూ "మీరు అన్నం కోసం మారినోళ్ళు కదా, ఇన్నాళ్ళకు తెలివొచ్చిందన్నమాట" అన్నాడు.

1876-78 కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలవలో మూడున్నర మైళ్ళు కాంట్రాక్టు తీసుకుని కూలిపనులు ఇప్పించిన మాట నిజం. అయితే జనం తిండి కోసం వస్తారేమోనని ఆ సహాయం నడిచినంత కాలం ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. కూలిపనీ గింజలూ అయిపోయాకే గుండ్లకమ్మ. ఈ సంగతి ఆ టీ తాగే ఆయనకు చెప్పాను. చెప్తూ చెప్తూ ఆయన ముంజేతి వంక చూశాను. ఎర్ర దారం. "ఇదా? మా ఆవిడ కట్టింది" అన్నాడు. కొందరి నాస్తికత్వం ఒక్క యేసు దగ్గరే గట్టిగా ఉంటుందని ఆ రోజు తెలిసింది.

చెప్పులేసుకుని బయటపడుతుంటే వెనక నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. రిటైరైన లెక్చరరు, నలభై ఏళ్ళుగా నాస్తికుడు. "ఏందబ్బయా, టీ వదిలేసి పోతున్నావ్? వాడి మాటకు నేను సిగ్గుపడుతున్నా" అన్నాడు. బోర్లించిన సైకిల్ రిమ్ములా వంగిన మనిషి. రెండో శనివారం కొత్తపట్నం రమ్మన్నాడు.

అక్కడికెళ్తే ఇసకలో ఒక పాత దుప్పటి, ఫ్లాస్కు, ఏడుగురు మనుషులు. ఆ లెక్చరరు మాష్టారి పక్కన ఆయన స్నేహితుడు, రామపట్నంలో క్రైస్తవ వేదాంతం చదివిన రిటైర్డ్ పాస్టరు. అందరూ అయ్యగారూ అంటారు. ఒక నర్సు, ఇద్దరు టీచర్లు, చీమకుర్తి గ్రానైటు క్వారీలో పనిచేసే కుర్రాడు. సగం మంది నమ్మేవాళ్ళు, సగం నమ్మనివాళ్ళు. నియమాలు రెండే. ఎవరూ ఎవర్నీ మార్చే ప్రయత్నం చేయకూడదు. ఎదుటివాళ్ళ ప్రశ్నను ముందు వాళ్ళు ఒప్పుకునేలా తిరిగి చెప్పాలి, ఆ తర్వాతే జవాబు. ఈ రెండోది రాసినంత తేలిక కాదు. నాకు ఆరు నెలలు పట్టింది.

నమ్మేవాళ్ళకూ నమ్మనివాళ్ళకూ పొసగదేమో అన్నాను ఒకరోజు. మాష్టారు నవ్వాడు. క్రైస్తవుడిగా పుట్టిన జాషువా కవి కూతురు హేమలతను, విజయవాడ నాస్తిక కేంద్రం పెట్టిన గోరా కొడుకు లవణం పెళ్ళి చేసుకోలేదా అన్నాడు. "పొసగనిది దేవుడి విషయంలో కాదు అబ్బయా, అహం విషయంలో" అని ఇంకేదో చెప్పబోతుంటే "నీ అహం సంగతి చెప్పు ముందు" అని అయ్యగారు అడ్డం తగిలారు.

యాకోబు పత్రిక ప్రశ్న అక్కడ మళ్ళీ అడిగాను. అయ్యగారు ఫ్లాస్కు మూత తిప్పుతూ చాలాసేపు ఊరుకున్నారు. "మా ఇంటావిడకు క్యాన్సరు. నేనే నూనె రాశాను. ఎందుకు పోయిందో నాకు తెలీదయ్యా" అన్నారు. రెండేళ్ళలో ఒక పాస్టరు నోటి వెంట "తెలీదు" అన్న మాట వినడం అదే మొదటిసారి. పౌలు థెస్సలొనీకయులకు "సమస్తమును పరీక్షించి మేలైనదానిని చేపట్టుడి" అని రాశాడనీ, నా నోటుబుక్కు ఆ పనే చేసిందనీ ఆయనే అన్నారు. మాష్టారేమో "దేవుడు లేడని తేలినా మీ చెల్లి లోటు తీరదు. దానికి నా దగ్గరా మందు లేదు" అన్నాడు.

ఇప్పుడు నువ్వేంటి, విశ్వాసివా నాస్తికుడివా అని అందరూ అడుగుతారు. అప్పుడప్పుడూ ప్రార్థన చేస్తాను. ఎవరూ వినడం లేదేమో అనుకుంటూనే చేస్తాను. చర్చి మానేశాను. క్రిస్మస్ పాటలకు మాత్రం కీబోర్డు వాయించాలనిపిస్తుంది. వాళ్ళు పిలవరు.

అమ్మకు రెండు కళ్ళలోనూ శుక్లాలు. రాత్రిపూట బైబిల్ అధ్యాయం నేను చదివి పెట్టాలి. మొన్న బుధవారం న్యాయాధిపతుల గ్రంథం పదకొండో అధ్యాయం. యుద్ధంలో గెలిస్తే ఇంటి గడపలో మొదట ఎదురొచ్చిన దాన్ని బలి ఇస్తానని యెఫ్తా మొక్కుకుంటాడు. తంబురతో నాట్యమాడుతూ కూతురు ఎదురొస్తుంది. ఆ పిల్ల రెండు నెలలు కొండల మీద ఏడ్చి వస్తానని గడువడిగి, తిరిగొస్తుంది. చదవడం అయిపోయినా అమ్మ ఆమేన్ అనలేదు. దీపం వంక చూస్తూ కూర్చుంది.

"అబ్రాహాము కొడుకును నరకబోతే దేవుడు ఆపాడు కదరా. ఈ పిల్ల దగ్గర ఎందుకు ఆపలేదు?"

నాకు తెలీదన్నాను. కొత్తపట్నంలో అడుగుతానన్నాను. "నా ప్రశ్న నువ్వెందుకు అడగాలి" అంది.

నిన్న బండి వెనక కూర్చుని వచ్చింది. దుప్పటి మీద ఒక మూలగా కూర్చుని, నర్సమ్మ ఇచ్చిన టీ తాగి, చెంగుతో మూతి తుడుచుకుని అడిగింది. మాష్టారు ప్రశ్నను తిరిగి చెప్పాడు. "అంతేనా అమ్మా?" అన్నాడు. "అంతే" అంది. అయ్యగారు కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. చాలాసేపు అలల చప్పుడే. తర్వాత మొదలైన మాటలు గంటన్నర సాగాయి. తేలిందేమీ లేదు.

తిరిగొచ్చేటప్పుడు అమ్మ ఏమీ మాట్లాడలేదు. ఊళ్ళోకి వచ్చాక నా భుజం తట్టి అడిగింది.

"వచ్చే నెల రెండో శనివారం ఎన్నో తారీఖురా?"