కంచె బయట పాఠం

రష్యాలోని పీటర్స్‌బర్గ్‌లో ఐదు రోజులున్నాను. హెర్మిటేజ్ మ్యూజియం గురించి రాయమంటున్నారు గానీ, నాకు గుర్తున్నది థియేటర్ స్క్వేర్‌లో ఒక కంచె, దాని ఎదుట బెంచీ మీద ఒక పెద్దావిడ.

2019 జూన్. అక్కడే మెడిసిన్ చదువుతున్న మా అక్క కూతురితో నెవ్‌స్కీ రోడ్డు మీద బస్సెక్కి, ట్రాఫిక్‌లో ఉడికి, తీరా దిగితే కన్సర్వేటరీకి రిపేర్లు, చుట్టూ కంచె. 1862లో అంటోన్ రూబిన్‌స్టీన్ పెట్టిన సంగీత కాలేజీ, స్వరకర్త చైకోవ్‌స్కీ చదివిన చోటు, బయటి నుంచే దండం! ఆ చిరాకులో తాగిన టీ 250 రూబుళ్లు.

"ఏం చూద్దామని?" అంది పెద్దావిడ. పియానో టీచరుగా రిటైరయిందట. ఆర్కెస్ట్రాని చేతులూపి నడిపించే కండక్టర్లకి పాఠం చెప్పిన ఇల్యా మూసిన్ క్లాసు అని మా పిల్లతో చెప్పించాను. ఆవిడ మొహం వెలిగిపోయింది, వేళ్లు ముడుస్తూ ఆయన శిష్యుల్ని లెక్కపెట్టింది: తెమిర్కానోవ్, గెర్గియెవ్, బిచ్‌కోవ్... అరవై ఏళ్లకు పైగా ఇక్కడే పాఠం చెప్పాడు. 1942లో తాష్కెంట్‌లో స్వరకర్త షోస్తకోవిచ్ ఏడో సింఫనీని ఆర్కెస్ట్రా చేత వాయింపించిన మనిషే, కానీ వేదిక మీద పేరంతా శిష్యులకే. లండన్‌లో ఆర్కెస్ట్రా ముందు నిలబడేసరికి ఆయనకు 92, పోయింది 1999లో.

క్లాసులో ఆర్కెస్ట్రా ఎక్కడుంటుంది? రెండు పియానోలే ఆర్కెస్ట్రా, వాటి ముందు కుర్రాడు చేతులు ఊపాలి. మా ఊళ్లో త్యాగరాజ ఆరాధనకి పంచరత్నాలు పాడేటప్పుడు వందమందీ తొడ మీద ఎవరి తాళం వాళ్లు వేసుకుంటారు, ఒకడు ముందు నిలబడి ఊపడమెందుకని అడిగాను. ఆవిడ జవాబివ్వలేదు. చెయ్యి మెల్లగా పైకెత్తింది, అంతే, నాకు తెలీకుండానే ఊపిరి పీల్చాను. మా పిల్ల కూడా. "అదీ," అంది. చెయ్యి ఇంకా దిగనే లేదు.

తాళం దెబ్బతో పడుతుంది, ఈ చెయ్యెత్తడం దెబ్బకు ముందే మొదలవుతుందన్న మాట. నాకు సంగీతం రాదు, అయినా ఇది ఒంటికి తెలిసింది.

తిరుగు బస్సులో మా పిల్లకి చూపిద్దామని అలాగే చెయ్యెత్తాను. పిలిచాననుకుని బస్సు కండక్టరమ్మ వచ్చి నిలబడింది. ఇద్దరికీ 80 రూబుళ్లు.