356కు ముకుతాడు వేసిన బెంగళూరు కేసు

విధానసౌధ మెట్రో స్టేషన్‌లో రోజూ ఎక్కి దిగే మన తెలుగువాళ్లలో చాలామందికి, రాష్ట్రపతి పాలనకు హద్దులు గీసిన కేసు ఆ పైనున్న కర్ణాటక శాసనసభ భవనంలోనే పుట్టిందని తెలియదు. మన దగ్గర ఏ ప్రభుత్వం ఊగినా 356, అంటే రాష్ట్రపతి పాలన విధించే రాజ్యాంగ అధికరణ, మాట వస్తుంది కాబట్టి, అది ఎలా పనిచేస్తుందో తెలిసి ఉండటం మంచిది.

రాజ్యాంగంలోని ఏడో షెడ్యూలు కేంద్ర, రాష్ట్రాల మధ్య అధికారాలను మూడు జాబితాలుగా పంచింది. పోలీసు, భూమి, ప్రజారోగ్యం రాష్ట్రానివి. 356 అమల్లోకి వస్తే ఈ పంపకం తాత్కాలికంగా చెల్లదు. శాసనసభ అధికారాలు పార్లమెంటుకు, పాలన రాష్ట్రపతి పేరిట కేంద్రానికి పోతాయి. హైకోర్టు అధికారాలను మాత్రం ముట్టుకోకూడదు. రాష్ట్రపతి పాలన ప్రకటనను రెండు నెలల్లోగా ఉభయసభలూ ఆమోదించాలి. ఆమోదం ఒక్కోసారి ఆరు నెలలకు, మొత్తంగా మూడేళ్లకు మించదు. ఏడాది దాటి పొడిగించాలంటే దేశంలో గానీ ఆ రాష్ట్రంలో గానీ అత్యవసర పరిస్థితి ఉండాలి, ఎన్నికలు జరపడం కష్టమని ఎన్నికల సంఘమూ ధ్రువీకరించాలి. రాజ్యసభలో బలం లేని కేంద్రానికి ఉభయసభల ఆమోదం ఉత్తుత్తి షరతు కాదు. 1999లో బిహార్‌లో విధించిన పాలనను ఆ కారణంగానే మార్చిలో ఉపసంహరించుకున్నారు.

ఇక ఆ బెంగళూరు కేసు సంగతి. 1989 ఏప్రిల్. కర్ణాటక ముఖ్యమంత్రి ఎస్.ఆర్. బొమ్మైకి మద్దతు ఉపసంహరించుకున్నట్టు 19 మంది ఎమ్మెల్యేల పేరిట లేఖలు గవర్నర్‌కు చేరాయి. అప్పటి గవర్నర్ పి. వెంకటసుబ్బయ్య తెలుగువారే. బలం పోయిందని ఆయన ఢిల్లీకి నివేదిక పంపారు. మర్నాడే వారిలో ఏడుగురు, మా సంతకాలు మభ్యపెట్టి తీసుకున్నారని వెనక్కి తగ్గారు. సభను ముందుకు జరిపైనా బలం నిరూపించుకుంటానని బొమ్మై అడిగారు. గవర్నర్ వినలేదు, ఇంకో నివేదిక పంపారు. ఏప్రిల్ 21న ప్రభుత్వం రద్దయింది. తప్పంతా ఇక్కడే ఉంది: సభలో తేలాల్సిన లెక్కను రాజ్‌భవన్‌లో కాగితాల మీద తేల్చేశారు.

1975లో 38వ సవరణ, రాష్ట్రపతి సంతృప్తిని (రాష్ట్రంలో పాలన రాజ్యాంగబద్ధంగా సాగడం లేదన్న నిర్ధారణను) ఏ కోర్టులోనూ ప్రశ్నించరాదని 356లో రాసింది. 1978 నాటి 44వ సవరణ ఆ అడ్డు తీసేయకపోతే కోర్టుకు దారి ఇంకా ఇరుకయ్యేది. 1994 మార్చి 11న బొమ్మై కేసులో సుప్రీంకోర్టులో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు ఇచ్చింది. బలం ఉందో లేదో సభలోనే తేలాలి. కేంద్రం ఏ ఆధారాలు చూసి నిర్ణయించిందో కోర్టు అడగవచ్చు. పార్లమెంటు ఆమోదించేదాకా శాసనసభను రద్దు చేయకూడదు, సుప్తావస్థలో మాత్రమే (సభ ఉంటుంది, పనిచేయదు) ఉంచాలి. నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించేది ఈ చివరిదే. సభ బతికి ఉంటేనే ప్రకటన చెల్లదని తేలాక పాత ప్రభుత్వాన్ని తిరిగి కూర్చోబెట్టడం కుదురుతుంది.

బొమ్మైకి మాత్రం ఒరిగిందేమీ లేదు. తీర్పు వచ్చేసరికి ఐదేళ్లు కావస్తోంది, ఈలోగా ఎన్నికలు కూడా అయిపోయాయి. అరుణాచల్‌లో 2016 జులైలో సుప్రీంకోర్టు పాత ప్రభుత్వాన్ని పునరుద్ధరించగలిగిందంటే, కేసు నెలల్లో తేలడం వల్లే.

356 ఒక్కటే దారి కాదన్నదీ గుర్తుంచుకోవాలి. 1984 ఆగస్టు 16న ఎన్టీఆర్‌ను గవర్నర్ రామ్‌లాల్ తొలగించింది 164వ అధికరణలోని ‘గవర్నర్ ఇష్టం’ ఆధారంగా, అంటే గవర్నర్ ఇష్టం ఉన్నంతకాలమే మంత్రులు పదవిలో ఉంటారన్న మాట మీద. బలం నిరూపించుకునే గడువు ఇవ్వనే లేదు. నెల తిరిగేసరికి ఎన్టీఆర్ మళ్లీ గద్దెనెక్కారు, అది కోర్టు వల్ల కాదు, ఎమ్మెల్యేలు చెదరకపోవడం వల్ల.

గడువు ఎక్కువైనా ప్రమాదమే. 2018 మేలో 104 స్థానాలే ఉండి మెజారిటీ చాలని యడియూరప్పకు, బలం నిరూపించుకోవడానికి కర్ణాటక గవర్నర్ 15 రోజులిచ్చారు. బేరసారాలకు అంత సమయం చాలు. సుప్రీంకోర్టు దాన్ని మే 19 సాయంత్రం 4 గంటలకు కుదించింది. రహస్య ఓటింగ్ కావాలంటే ఒప్పుకోలేదు. ఓటు బలం పెంచుకునేలా ఆంగ్లో ఇండియన్ సభ్యుణ్ని ఈలోగా నామినేట్ చేయకూడదంది. ప్రత్యక్ష ప్రసారం చేయమంది. ఓటింగ్ దాకా వెళ్లకుండానే యడియూరప్ప రాజీనామా చేశారు.