ఈసీజీ పట్టీకి ఆవిరి పోనిచ్చే పొర: నా అనుభవం

ఛాతీకి అంటించే ఈసీజీ పట్టీకి తగిన పొర ఇన్నాళ్ళకు కుదిరింది. బెంగళూరులో ఇదే పనిలో ఉన్న మనవాళ్ళకు పనికొస్తుందని రాస్తున్నాను.

సర్క్యూట్ సామానంతా ఎస్‌పీ రోడ్డులో దొరుకుతుంది. సెన్సర్ మీద పోసే సిలికాన్ సిల్‌గార్డ్ 184 అయితే అసలు ద్రవం, దాన్ని గట్టిపరిచే ద్రవం బరువులో 10కి 1 పాళ్ళు. లేటెక్స్ గ్లవ్స్ మాత్రం వేసుకోవద్దు. వాటిలోని గంధకం తగిలినచోట సిలికాన్ గట్టిపడదు, జిగటగానే ఉండిపోతుంది.

ఏడిపించిందల్లా చెమట ఆవిరిని బయటికి పోనిచ్చే పొర, అంటే పాలీయురేథేన్ అనే ప్లాస్టిక్ ఫిల్మే. పీణ్యలో రోల్ అమ్మినాయన ఆవిరి ప్రసార రేటు (చదరపు మీటరు ఫిల్మ్‌లోంచి రోజుకు ఎన్ని గ్రాముల ఆవిరి పోతుందో) వేలల్లో ఉందని రాసిన కాగితం చేతిలో పెట్టాడు. ఏ పద్ధతిలో కొలిచారండీ అంటే, "కొనేవాళ్ళు ఇన్ని అడగరు సార్, ఇష్టమైతే తీసుకోండి" అని నలుగురిలో తీసిపారేశాడు. అడిగి తీరాలి! దీన్ని కొలిచే ప్రామాణిక పద్ధతి ఏఎస్‌టీఎం ఈ96లో, నీళ్ళు పోసి పొర కప్పిన గిన్నెను మామూలుగా నిలబెడితే నీటికీ పొరకీ మధ్య గాలి ఉంటుంది, అంకె తక్కువ వస్తుంది. బోర్లిస్తే నీరు నేరుగా పొరకు తగులుతుంది. నీటిని పీల్చుకునే రకం ఫిల్మ్‌కు అప్పుడు అంకె ఎన్నో రెట్లు పెరుగుతుంది. అమ్మేవాళ్ళు ఆ పెద్ద అంకెనే చూపిస్తారు. పద్ధతి, ఉష్ణోగ్రత, తేమ రాయని కాగితాన్ని నమ్మి రోల్ కొనకండి.

ఇంట్లోనే పోల్చి చూసుకోవచ్చు. 6 సెం.మీ. మూతి ఉన్న గాజు గిన్నెలో నీళ్ళు పోసి, ఫిల్మ్ కప్పి, అంచంతా మైనంతో మూసేయండి. 0.01 గ్రాము వరకు చూపే తక్కెడ మీద తూచి, 24 గంటల తర్వాత మళ్ళీ తూచండి. 1 గ్రాము తగ్గితే చదరపు మీటరుకు రోజుకు సుమారు 354 గ్రాములన్నమాట. పక్కనే ఏమీ కప్పని గిన్నె ఒకటి, వంటింటి పాలిథీన్ కప్పినది ఒకటి పెట్టండి. పాలిథీన్ గిన్నె బరువు కూడా బాగా తగ్గిందంటే మైనం దగ్గర కారుతున్నట్టే.

ఉత్త ఫిల్మ్‌ను కొలిచి ఊరుకుంటే లాభం లేదు. జిగురు ఖాళీ లేకుండా అంతటా పూస్తే ఆవిరి దారి సగానికి సగం మూసుకుపోవచ్చు. చుక్కలుగానో గీతలుగానో పూసినది అడగండి. పాలీఇమైడ్ అనే ప్లాస్టిక్ రేకు మీద చేసిన సర్క్యూట్‌లోంచి ఆవిరి దాదాపు పోదు. దాని కింద చెమట నిలిచి చర్మం నాని తెల్లబడుతుంది, పట్టీ అక్కడినుంచే ఊడుతుంది. అందుకే రాగి తీగలను పాములా వంపులు తిప్పి, వాటి మధ్యనున్న పాలీఇమైడ్‌ను కోయించేశాను.

ఐఎస్ఓ 10993-5 కణ పరీక్షకు (వాడిన పదార్థం కణాలకు హాని చేస్తుందా అని చూసేది) కూడా జిగురు, సర్క్యూట్, ఎలక్ట్రోడ్ కలిసిన పూర్తి పట్టీనే ఇవ్వండి. వెండి పూత గుడ్డ వాడితే దాన్ని విడిగా కూడా పరీక్ష చేయించండి. వెండి అయాన్లు కణాలను చంపగలవు.